రైలు బొమ్మపై పాత రంగు

అసలు రైలుపెట్టెను అన్ని కొలతలలోను 87వ వంతుకు తగ్గించి చేసిన నమూనాలను సేకరించుట పాశ్చాత్య దేశములలో పిల్లలకే కాక పెద్దలకు కూడ ముచ్చటైన వ్యాపకము. పాత పెట్టెను కొని, దానికి తమకు నచ్చిన రైల్వే రంగు వేసికొనదలచిన వారికి మొదట కలిగే సందేహము ఒక్కటే: పాత రంగు మీదనే కొత్త రంగు వేయరాదా?

లెక్క కట్టి చూతము. ఒక పూత మందము మిల్లీమీటరులో 20వ వంతు అనుకొందము. చూచుటకు ఇది అత్యల్పము. కాని 87 చేత హెచ్చించినచో, అసలు పెట్టె మీద 4 మిల్లీమీటర్లకు పైగా మందముగల పూతకు ఇది సమానము. అటువంటి పూతలు రెండు మూడు పడితే రివెట్టు తలలు, తలుపుల అంచులు, పలకల నడిమి గీతలు పూడిపోతవి. కత్తితో గీకితే అవి అరిగిపోతవి. కనుక రంగును ఏదైన ద్రవముతోనే వదిలించవలెను. ఆ ద్రవము రంగును పట్టవలెను గాని, దాని క్రింది వస్తువును పట్టరాదు. పనిచేయు మనిషిని అసలే పట్టరాదు. ఈ మూడు షరతులను మనుష్యులు ఒక్కసారిగా కాక, ఒక్కొక్క దెబ్బ తిని నేర్చుకొన్నారు.

జర్మనీలోని మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో, పట్టాల వెడల్పులను క్రమబద్ధము చేసిన రైలు బొమ్మలను ప్రదర్శించినది. ఆ కాలపు బొమ్మలు సాధారణముగా తగరపు పూతగల ఇనుప రేకుతో తయారైనవి. ఆనాటి రంగులలో అవిసె నూనె ముఖ్యమైనది. ఈ నూనె నీటివలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని గట్టి పొరగా మారుతుంది. అయినను అది నూనెయే. నూనెలను క్షారము విడగొట్టి సబ్బుగాను, గ్లిసరిన్‌గాను మార్చునని ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రెల్ 1823లో ప్రకటించిన గ్రంథములో విశదపరచినాడు. కాస్టిక్ సోడా నీటిలో ముంచిన పాత రంగు మెత్తబడి ఊడిపోవుటకు కారణము ఇదే. రంగు సబ్బుగా మారుచున్నదన్న మాట.

అయితే కాస్టిక్ సోడా చర్మమును, కన్నును కూడ కాల్చివేస్తుంది. మరొక చిక్కు లోహము మారినప్పుడు వచ్చినది. 1938లో లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ హార్న్‌బీ డబ్లో అను చిన్న రైళ్లను అమ్మకమునకు తెచ్చినది. వీటి ఇంజనులు జింకు మిశ్రలోహమును అచ్చులలో పోసి చేసినవి. జింకు ఆమ్లముతోనే కాదు, క్షారముతో కూడ చర్య జరిపి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. రేకు బొమ్మకు పనికివచ్చిన తొట్టిలోనే ఈ ఇంజనును ముంచితే, రంగుతోబాటు ఇంజనే తినివేయబడును.

క్షారము బదులు కర్బన ద్రావణులను వాడు పద్ధతి అంతకు ముందే వచ్చియున్నది. 20వ శతాబ్ది తొలి దశకములో అమెరికా రసాయనవేత్త కార్లటన్ ఎల్లిస్ ఇటువంటి మిశ్రమములను రూపొందించినాడు. ఆ తరహా మిశ్రమములలో బెంజీన్, ఆల్కహాల్‌తో పాటు కొంచెము మైనము కలిపెడివారు. మైనము పైకి తేలి పొరగా ఏర్పడి, ద్రావణి త్వరగా ఆవిరి కాకుండ ఆపుతుంది. ఉపాయము చక్కనిదే. కాని బెంజీన్ ఆవిరి సులభముగా అంటుకొనును. దీర్ఘకాలము పీల్చినచో ఎముక మజ్జను దెబ్బతీసి రక్త కేన్సరుకు కూడ కారణము కాగలదు.

ఆ భయములు లేనిదని జనము నమ్మి ఆదరించినది మిథిలీన్ క్లోరైడ్. దీనిని ఫ్రెంచి శాస్త్రవేత్త రెన్యో 1839లోనే తయారుచేసినాడు. దీని అణువు చిన్నది. రంగు పొరలోనికి చొరబడి దానిని ఉబ్బించును. ఉబ్బిన పొర ముడుతలు పడి లేచిపోవును. ఇది సులభముగా మండదు కూడ. అయితే దీని మరుగు స్థానము సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు మాత్రమే. మన వేసవి మధ్యాహ్నమున రెంటచింతలలోనో, రామగుండములోనో ఒక గిన్నెలో పోసి ఉంచితే తనంతట తానే మరుగగలదు! గాలి ఆడని గదిలో ఆ ఆవిరి మనిషికి స్పృహ తప్పించును. అంతే కాదు, శరీరములో అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, రక్తములోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయనీయకుండ చేయునని 1972లో అమెరికాలోని పరిశోధకులు వెల్లడించినారు. మరణములు సంభవించినవి. అయినను రంగు తీయుటకు దీనిని సామాన్య వినియోగదారులకు అమ్మరాదని ఆ దేశము నిషేధించినది 2019లో మాత్రమే.

ఈలోగా బొమ్మల వస్తువు మరల మారినది. 1950ల నుండి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ పెట్టెలు వ్యాపించినవి. మిథిలీన్ క్లోరైడ్ పాలీస్టైరీన్‌ను కరిగించును. రెండు ముక్కలను అతికించుటకు దానినే వాడుదురు. అందుచేత నమూనాకారులు బలమైన ద్రావణిని విడిచి, బలహీనమైన దానిని వెదకవలసి వచ్చినది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పాలీస్టైరీన్‌ను కరిగించదు, కాని అనేక రంగు పూతలను మెత్తబరచును. కొన్ని గంటలు నానబెట్టి, మెత్తని కుంచెతో రుద్దితే చాలును. ఇది కూడ మండునదే కనుక దీపమునకు దూరముగా, గాలి ఆడు చోట వాడవలెను. ముందుగా పెట్టె అడుగున, కనబడని చోట ఒక బొట్టు వేసి పరీక్షించుట తెలివైన పని.

ఇక రంగు సంగతి. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్, పిల్లలలో కనబడుచున్న సీసపు విషమునకు ఇండ్ల కమ్మీల రంగే మూలమని చెప్పినాడు. మన దేశములో గృహోపయోగ రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు పూసిన రంగులలో సీసము ఉండవచ్చును. రైలు బొమ్మ మన ఇంట లేకపోవచ్చు. కాని పాత కిటికీలు, బడి బల్లలు ఉన్నవి. వాటిని పొడిగా గీకించి, ఆ ధూళిని పిల్లల నడుమ వదలరాదు. తడిపి తీయించవలెను, ఊడిన రంగును పోగుచేసి వేరుగా పారవేయవలెను, ఆ పని ముగియు వరకు పిల్లలను ఆ గదిలోనికి రానీయరాదు.