కందుకూరివారి యింట పిల్లలతో

రాజమహేంద్రవరమున వంకాయలవారి వీధిలో వీరేశలింగం పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన జన్మించిన యిల్లు నేటికిని నిలిచియున్నది. ఒక ప్రాథమిక పాఠశాలలోని అయిదవ తరగతి పిల్లలు దానిని చూడబోవుచుండగా మేమును వారి వెంట వెళ్లితిమి.

ఉపాధ్యాయినిగారు 'వివేకవర్ధని' పత్రికను గూర్చియు, 'రాజశేఖర చరిత్రము'ను గూర్చియు చెప్పుచుండిరి. పిల్లలు కిటికీలు లెక్కించుచుండిరి. వారిని తప్పుపట్టజాలము, ఆ వయసున మేమును అదియే చేసియుందుము. "1881 డిసెంబరు 11వ తేదీన ఈ యింటనే ఒక పెండ్లి జరిగినది" అని ఆమె యనగానే తలలన్నియు ఇటు తిరిగినవి.

వధువు గౌరమ్మ బాలవితంతువు. వరుడు గోగులపాటి శ్రీరాములు. వితంతువన నెవరో పసివారికి చెప్పుట యెట్లు? మేము తటపటాయించితిమి. ఉపాధ్యాయినిగారు మాత్రము దాచలేదు. మీ యీడు బాలికలకే ఆ దశ ప్రాప్తించెడిదని చెప్పిరి. గది నిశ్శబ్దమైనది.

వితంతువులు మరల పెండ్లాడవచ్చునని 1856లోనే శాసనము వచ్చినదని వినినంతనే, "అట్లయిన భయమెందుకండీ?" అని ఒక బాలుడడిగెను. భయము వెలికి. పెండ్లికి వెళ్లినవారిని బంధువులు పంక్తికి రానీయరు. పురోహితుడు గడప త్రొక్కడు. శాసనము పుట్టిన యిరువదియైదేండ్లకు గాని ఈ యింట పందిరి పడకపోవుటకు కారణమిదియే. పంతులుగారు 1879 నుండి ఉపన్యాసములిచ్చి పండితులతో వాదించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. విద్యార్థులు అండగా నిలిచిరి.

"మరి వంట ఎవరు చేసిరండీ?" అని వెనుకనుండి ఒక చిన్నది అడిగినది.

చరిత్ర వ్రాయువారు ఒక్క వాక్యముతో దాటిపోవు సంగతి యిది. వంటవారును నీళ్లు మోయువారును వెలికి వెరచి మానుకొనగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుండి నీరు తెచ్చి వండి వడ్డించిరి. 1910లో గతించిన ఆ యిల్లాలు ఉపన్యాసములిచ్చినవారు కారు. ఆమె బిందె యెత్తకున్నచో ఆనాటి పెండ్లి యెట్లు సాగెడిదో మాకు తోచుట లేదు.

"గోదావరి ఇక్కడికెంత దూరము?" అని చిన్నది మరల అడిగినది. సమాధానము చెప్పుటకు మారుగా ఉపాధ్యాయినిగారు అందరను బయలుదేరదీసి రేవు వరకు నడిపించిరి. పిల్లలు అడుగులు లెక్కించుచు నడచిరి. మెట్లు చేరునప్పటికి ఏ యిద్దరి లెక్కయు ఒకటిగా లేదు.