ఒక్క రోజులో విందు ఎట్ల? మన పెద్దోళ్లు ఎప్పుడో చేసి చూపించిన్రు



ఆగస్టు 9 దగ్గర పడితే చాలు, మన గ్రూపుల్లో ఒకటే మాట: "టైం లేదు, పైసలు లేవు, ప్రోగ్రామ్ ఎట్ల చేద్దాం?" ఎవరికన్నా ఉద్యోగం వచ్చినా, సీనియర్లు హాస్టల్ ఖాళీ చేసి పోతున్నా ఇదే టెన్షన్. ఫ్లెక్సీ, డీజే, బిర్యానీ, కేక్ అని లెక్క రాసుకుంటూ పోతే రాత్రికి రాత్రి వేలు దాటుతయి. ఈ లెక్క మనకు ఎక్కడి నుంచి వచ్చింది? మన తాతలు ఇట్లనే చేసేటోళ్లా? కొంచెం పొడుగు పోస్టు, ఓపికగ చదవండ్రి.

ముందు కేస్లాపూర్ నాగోబా జాతర సంగతి. పుష్య మాసంలో మెస్రం వంశపోళ్లు చెప్పులు లేకుండ నడుచుకుంటూ పోయి హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు తెస్తరు. తిరిగొచ్చి మర్రిచెట్టు కింద దిగుతరు. అమావాస్య నాడు మహాపూజ. ఇదంతా మనందరికీ తెలిసిందే. కానీ వంట సంగతి ఎంతమంది గమనించిన్రు? మెస్రం వంశంల 22 కితలు ఉన్నయ్. ఎన్ని వందల కుటుంబాలొచ్చినా పొయ్యిలు మాత్రం ఆ 22 మాత్రమే. ఒకరు వండుకున్నంక ఇంకొకరు, వరుస ప్రకారం వండుకుంటరు. జనం పెరిగిన్రని పొయ్యిలు పెంచరు. నా ఇంటిది పెద్ద పొయ్యి, నీ ఇంటిది చిన్న పొయ్యి అనే మాటకు అక్కడ జాగ లేదు. పూజకు కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరులు తరతరాలుగ చేసిస్తున్నరు. ఎవరి పని ఏందో ముందే తెలుసు కాబట్టి, ఇన్ని వేల మంది కూడినా "ఎవరు చేస్తరు" అని అక్కడ లొల్లి ఉండదు.

రెండోది దండారి. దీపావళి టైంల ఒక ఊరి దండారి గుంపు ఇంకో ఊరికి పోతది. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ముందు నడుస్తరు. గుమేల, డప్పు, పెప్రె, తుడుం మోగుతుంటయ్. వచ్చినోళ్లకు ఆ ఊరోళ్లే తిండి పెట్టాలె, పడుకునే జాగ చూపియ్యాలె. ఎంతమంది వస్తరో ముందుగ గట్టిగ తెలువదు. అయినా ఏ ఇంటోళ్లూ ఒక్కరే ఆ బరువు మొయ్యరు. ఒకింటి నుంచి జొన్నలు వస్తయి, ఒకింటి నుంచి పప్పు, ఇంకో ఇంటి నుంచి కట్టెలు. ఏమీ ఇయ్యలేనోళ్లు నీళ్లు మోస్తరు, మోదుగాకుల విస్తర్లు కుడతరు. తినేటప్పుడు అందరూ ఒకే వరుసల కూసుంటరు. తర్వాత వీళ్లు ఆ ఊరికి పోతే వాళ్లు పెడతరు. ఇది అప్పు కాదు, దానం కాదు. సంబంధాలు కలిసేది, పెండ్లి మాటలు నడిచేది కూడ ఇక్కడనే. మార్లవాయి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చింది ఈ గుస్సాడీ ఆటకే. ఆ ఆట వెనుక ఊరూరా పొయ్యి ముందు కూసున్న అవ్వలు ఉన్నరు, వాళ్ల పేర్లు ఏ పేపర్లనూ రాలేదు.

మూడో సంగతి, కూడటం అంటే మనకు తిండి, ఆట మాత్రమే కాదు. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం అమరుడైనంక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిల ఉండి మన బతుకు చూసిండు. నాగోబా జాతరల దర్బార్ ఆ 1940ల్లోనే మొదలైంది. మనోళ్లు ఎట్లాగూ అక్కడ కూడుతరు కాబట్టి అధికారులే అక్కడికి వచ్చి గోడు వినాలె అనేది ఆలోచన. భూమి సమస్య చెప్పుకోవాలంటే విడిగ మీటింగు, విడిగ ఖర్చు పెట్టే పని లేకుండ పోయింది.

అట్లని కూడటం ఎప్పుడూ సులువుగ ఏం దొరకలేదు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూముల గురించి మాట్లాడేందుకు రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంటే అనుమతి ఇయ్యలేదు. వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్క 13 మంది. మనోళ్లు చెప్పే లెక్క దానికంటే చాన ఎక్కువ. ఆ తర్వాత ఏండ్ల తరబడి ఆ స్తూపం దగ్గరికి పోయి దండం పెట్టుకోవాలన్నా ఆంక్షలే. అందుకే నలుగురం ఒక్కచోట కూసుని బువ్వ తినడాన్ని మనం చిన్నగ చూడొద్దు.

ఆగస్టు 9 కూడ ఒక మీటింగు నుంచి వచ్చిన రోజే. 1982ల అదే తారీకున ఐక్యరాజ్యసమితిల ఆదివాసీల మీద ఏర్పడ్డ బృందం మొదటిసారి కూసుంది. దాని గుర్తుగ 1994 డిసెంబర్ల ఈ రోజును ప్రకటించిన్రు.

ఇగ మన హాస్టళ్ల సంగతి. పోయినేడు మాకు ఒక సీనియర్ అన్న ఉద్యోగానికి సెలక్ట్ అయిండని సాయంత్రం తెలిసింది, తెల్లారి ఊరికి పోతడు. తలా 300 వేద్దాం అని ఒకరు అన్నరు. అట్ల అనంగనే ఫస్టియర్ తమ్ముళ్లు కొందరు మాట్లాడుడు బంద్ జేసిన్రు. ఒకడు తలకాయ నొస్తుందని రూముల పోయి పడుకున్నడు. వాని తల్లి కూలికి పోతది, 300 అంటే ఆమెకు ఒక దినం కంటే ఎక్కువ పని. అప్పుడు మాలో ఒక అక్క అన్నది: "మన ఊర్ల పైసలడుగుతరా, పని అడుగుతరా?"

అంతే. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నపిండి ఒకరు తీసిన్రు, పల్లీలు ఒకరు, పచ్చడి సీసా ఒకరు. వంటమనిషి పెద్దమ్మను అడిగితే పొయ్యి, గిన్నెలు ఇచ్చింది. రొట్టెలు, పప్పు, పల్లీల పొడి. ఉట్నూరు దిక్కు మన అక్కలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఒకరి దగ్గర ఉంటే కేక్ బదులు అవే. తలకాయ నొస్తుందన్న తమ్ముడే డప్పు కొట్టిండు, రాత్రి పది దాంక ఆపలేదు. గిన్నెలు కడిగేటప్పుడు ఆ అన్న కూడ కూసున్నడు.

దీంట్ల నుంచి మేము పట్టుకున్నవి నాలుగు ముచ్చట్లు. పైసల కంటే ముందు ఎవరి దగ్గర ఏమున్నదో అడగాలె. వంట ఒకటి రెండు రకాలు దాటొద్దు. ఇయ్యలేనోళ్లకు పని ఇయ్యాలె, అప్పుడు వాళ్లు కూడ పెట్టినోళ్లే అయితరు. కడుగుడు, ఊడ్చుడు ఎవరిదో ముందే చెప్పుకోవాలె, లేకుంటే అది చివరికి ఆడపిల్లల మీదనే పడ్తది.

డీజే పెట్టొద్దని మేము అంటలేము. పైసలు ఉన్ననాడు పెట్టుకోండ్రి. కానీ పైసలు లేవని ఆగస్టు 9 నాడు రూముల్ల పడుకోవద్దు. 22 పొయ్యిల మీద వేల మంది వండుకునే జాతి మనది.

మీ ఊర్ల విందుకు ఎవరు ఏం తెస్తరు? కోయ, కొలాం, నాయక్‌పోడ్, పర్ధాన్, తోటి అన్నలు అక్కలు, మీ దగ్గరి పద్ధతి కింద రాయండ్రి. అవ్వలను అడిగి రాస్తే ఇంకా మంచిది.

జై సేవా. జల్, జంగల్, జమీన్.