హైదరాబాదు పోలీసుజట్టు: దాని ఉదయాస్తమయములు

మనయూళ్లలో సంఘములను స్థాపించుట కష్టము గాదు. వానిని నిలుపుకొనుటయే కష్టము. గ్రంథాలయమైనను, నాటకసమాజమైనను, ఆటలక్లబ్బైనను ఇంతే. పలమనేరువంటి యూర పదునొకండుగురు కుఱ్ఱవాండ్రు చందాలు పోగుచేసి, ఒక బంతిని కొని, ఫుట్‌బాలు క్లబ్బు నొకదానిని పెట్టవచ్చును. వారిలో నలుగురు చదువులకై తిరుపతికిని, మఱినలుగురు ఉద్యోగములకై బెంగుళూరునకును పోయిననాడు ఆ క్లబ్బు గతి యేమి? ఇట్టి చిన్నక్లబ్బుల చరిత్రమును వ్రాయువారుండరు. కావున దేశమంతయు నెఱిగిన యొక జట్టు చరిత్రమును పరిశీలించి, చిన్నవానికి గావలసిన బుద్ధిని దానినుండి గ్రహింతము.

ఆ జట్టు హైదరాబాదు సిటీ పోలీసుజట్టు. నిజాము పాలనాకాలమున 1939లో నిది యేర్పడెను. పలమనేరు మీదుగా పడమరకు సాగు బాట వెంబడి చేరదగిన బెంగుళూరులోనే దీనికి మొదటి గొప్పపేరు వచ్చెను. 1943లో అచ్చట జరిగిన ఆష్ గోల్డ్ కప్పు పోటీలో ఈ జట్టు గెలుపొందెను. పిదప 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును మఱియొకరికి దక్కనీయలేదు. 1950, 1954, 1957 సంవత్సరములలో డ్యూరాండు కప్పును గూడ గైకొనెను. ఫుట్‌బాలనిన కలకత్తాయే యని తలంచుచుండిన దేశము దక్కనువంక దృష్టి మరల్చెను.

ఈ విజయములకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన 1909లో హైదరాబాదున జన్మించెను, వృత్తిచే బడిపంతులు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగాను, 1950 నుండి పోలీసుజట్టునకు శిక్షకుడుగాను పనిచేసెను. ఆట నాయన పాఠమువలెనే బోధించెను. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే బంతిని తన్నవలయునను పోటీలను, బంతిని తనయొద్ద నట్టిపెట్టుకొనక తోడివాని కందింపవలయునను పోటీలను బాలురకై యేర్పఱచెను. తప్పు దిద్దుకొనుటయు, తోడివానిని నమ్ముటయు బాలురు మాటలవలనగాక యాటవలన నేర్చిరి.

అయితే పోలీసుశాఖకును ఫుట్‌బాలునకును పొత్తెట్లు కలిగెనని చదువరులు శంకింపవచ్చును. ఆనాడు ఆటకు జీతము పుచ్చుకొనినవానికి ఒలింపిక్ పోటీలలో ప్రవేశము లేదు. ఆడువారిలో పెక్కుమంది పేదయిండ్ల బిడ్డలు. ఆటను నమ్ముకొనిన కడుపు నిండదు. కూలికి బోయిన ఆటకు తీరిక దొరకదు. పోలీసుకొలువు ఈ చిక్కును విడదీసెను. నెలజీతము కొలువునకే గాని ఆటకు గాదు, ఆటమాత్రము ప్రీతికొలదియే. బీదవానికి ప్రీతికొలది ఆడుటకు గూడ అన్నమెవరో పెట్టవలసియున్నదను సత్య మిందు కనబడుచున్నది. శ్రీమంతుల బిడ్డ కిట్టి చింత లేదు గావున, ఔత్సాహికుడను పేరు వానికి సులభముగ దక్కును.

ఆ శిక్షణఫలము దేశమంతటికిని చెందెను. 1952లో హెల్సింకి ఒలింపిక్సునందు మనవారు పెక్కుమంది బూట్లు లేకయే యాడి, యుగోస్లావియాచేతిలో పది గోళ్లకు ఒక గోలుగా నోడిరి. నాలుగేండ్ల పిమ్మట మెల్‌బోర్నులో రహీముచే శిక్షితమైన భారతజట్టు బూట్లు దొడిగి యాడి, ఆస్ట్రేలియాను 4–2 గోళ్లతో గెలిచి, కడకు నాలుగవస్థానము నందెను. ఆ జట్టులో నూర్ మహమ్మదు, అజీజుద్దీను, తులసీదాసు బలరాము మొదలగు హైదరాబాదు ప్రాంతపువారుండిరి. 1962లో జకార్తా ఆసియాక్రీడలలో దక్షిణ కొరియాను 2–1 గోళ్లతో నోడించి మనవారు స్వర్ణపతకము గొనునప్పటికి రహీము వ్యాధిగ్రస్తుడై యుండెను. 1963 జూనులో నాయన క్యాన్సరుచే మరణించెను.

రాష్ట్రము మాఱినపిదప ఆంధ్రప్రదేశ్ పోలీసుజట్టను పేర నీ జట్టు 1960లో రోవర్సును, 1961లో డ్యూరాండును గెలిచినది నిజమే. కాని పతనమునకు బీజములు అప్పటికే పడియుండెను. పేరుపొందిన ఆటగాండ్రను కలకత్తా క్లబ్బులు పిలుచుకొనిపోవుచుండెను. బలరాము 1957లోనే ఈస్టు బెంగాలునకు బోయెను. ధనమే యీ జట్టును చెఱిచెనని కొందఱనెదరు. ఆ మాట సగమే నిజము. ఎనిమిదిమంది పోయినను, వారివెనుక ఎనిమిదిమందిని తయారుచేయు బడియున్నచో జట్టు చెడదు. ఆ బడి యొక్క పంతులునందే యుండెను, పంతులుతోడనే పోయెను. 1965–66లో ఆంధ్రజట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినది. ఆ పిదప ఆ గౌరవము తెలుగువారికి మరల లభింపలేదు.

ధనముండినంతమాత్రమున క్లబ్బు నిలుచునా? హైదరాబాదుననే 2019లో జీతముల నిచ్చి యాటగాండ్రను దెచ్చిన క్లబ్బొకటి వెలసెను. అది 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగును గెలిచినది. అయినను 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. యజమాని సొత్తుగా నున్న క్లబ్బు యజమాని లెక్కనుబట్టి పోవును. ఊరివారు చూచువారేగాని అడుగువారు గారు.

ఇది మనకే కలిగిన యిక్కట్టు గాదు. ఇంగ్లండులో నూలుమిల్లుల పట్టణమగు బ్లాక్‌బర్నున 1878లో ఒలింపిక్ అను క్లబ్బొకటి పుట్టెను. నేతపనివారు మొదలగు పనిపాటలవా రందాడిరి. ఇనుపపోత కర్మాగారపు యజమాని యొకడు వ్యయమును భరించెను. 1883లో నీ జట్టు ఈటను బడిలో చదివిన పెద్దింటివారి జట్టును 2–1 గోళ్లతో నోడించి ఇంగ్లండు కప్పును గెలిచెను. అంతటి పేరు వచ్చినను, ఆ యూరి మఱియొక క్లబ్బుతో పోటీపడజాలక, రాబడి చాలక 1889లో మూతపడెను. పుట్టి పదునొకండేండ్లే, కప్పు గెలిచి ఆఱేండ్లే.

ఒకచోట ప్రభుత్వశాఖ, ఒకచోట పెట్టుబడిదారు, ఒకచోట ధనికుడైన పోషకుడు. ముగ్గురును క్లబ్బునకు మేలుచేసినవారే. వారిని నిందింప బనిలేదు. కాని యొకే స్తంభముపై నిల్చిన పందిరి ఆ స్తంభముతోడనే కూలును. ఊరిక్లబ్బు చిరకాలము నిలువవలయునన్నచో దాని భారము పలువురు మోయవలయును. ఇంటింటినుండి కొద్దిపాటి చందా, దానికి బహిరంగమైన లెక్క. ఇండ్లస్థలములుగా మాఱకుండ కాపాడబడిన మైదానము. చిన్నవారికి నేర్పుట తన విధియని యెంచు పెద్ద యాటగాడు. ఎవ రెప్పు డాడిరో వ్రాసియుంచు పుస్తకము. ఇవి నాలుగును కప్పులకంటె విలువైనవి.

ఆట చదువును చెఱచునని తల్లిదండ్రులు బిడ్డలను గదమాయింతురు. రహీము పంతులేగదా! ఆయనకు బడియు మైదానమును వేఱుగాలేవు. మన పలమనేరులోను సాయంకాలము బంతితో పోవు బాలుని, బాలికను గూడ, వారింపక పంపుడు. క్లబ్బు చందాపుస్తకము ఇంటికి వచ్చినప్పుడు ఇంటియిల్లాలు తన పేరను ఒక రూపాయి వ్రాసి, ఏడాది చివర లెక్క యడుగుట నేర్చెనా, ఆ క్లబ్బు మొదటి పదునొకండుగురు ఊరు విడిచిపోయినను బ్రతికియుండును.