మట్టి అత్తరు

మట్టి అత్తరు ఉత్తర ప్రదేశ్ రాష్ట్రములోని కన్నౌజ్ పట్టణములో తయారయ్యే ఒక సుగంధ ద్రవ్యము. హిందీలో దీనిని 'మిట్టీ అత్తర్' అంటారు. పూల నుండి, వేళ్ళ నుండి కాక, కాల్చిన మట్టి నుండి తీయడం దీని ప్రత్యేకత. హర్షవర్ధనుని రాజధానియైన కన్యాకుబ్జమే నేటి కన్నౌజ్. ఇచ్చటి అత్తర్లకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) లభించినది.

తయారీ విధానము

వేసవిలో, వానలు మొదలు కాకముందే బంకమట్టిని బిళ్ళలుగా చేసి, ఎండబెట్టి, ఆవములో కాలుస్తారు. వాడని మట్టి ముంతల పెంకులను కూడా ఉపయోగిస్తారు. వీటిని 'దేగ్' అనే పెద్ద రాగి పాత్రలో వేసి, నీరు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, క్రింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టము గుండా 'భప్కా' అనే మరొక రాగి పాత్రలోనికి పోతుంది. భప్కా నీటి తొట్టిలో ఉంటుంది కనుక ఆవిరి చల్లబడి, అందులో ముందుగా పోసిన మంచిగంధపు నూనెలో తన వాసనను వదలుతుంది. అడుగున చేరిన నీటిని తీసివేస్తారు. మట్టి వాసనకు సొంతముగా నిలిచే బలము తక్కువ. దానిని పట్టి ఉంచేది గంధపు నూనెయే. మిగిలిన తేమ పోవడానికి అత్తరును 'కుప్పీ' అనే తోలు సీసాలో నిలువ చేయడం సంప్రదాయము.

వాసన

గులాబీ, మల్లె అత్తర్లకు అలవాటుపడిన వారికి ఇది మొదట పరిమళముగానే తోచకపోవచ్చు. తీపిదనము దాదాపు లేదు. తొలకరి జల్లుకు తడిసిన బీడు, నీరు నింపిన కొత్త కుండ, ఎండకు కాగి తడిసిన ఇటుక గోడ గుర్తుకు వస్తాయి. కొంతసేపటికి మట్టి వెనుకబడి గంధము పైకి వస్తుంది.

శాస్త్రీయ వివరణ

1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 'నేచర్' పత్రికలో ఈ వాసనను గురించి వ్రాసి, దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'పెట్రా' అనగా రాయి, 'ఇకోర్' అనగా దేవతల నరములలో ప్రవహించే ద్రవము. పొడి వాతావరణములో రాళ్ళు, మట్టి పీల్చుకొన్న నూనెల వంటి పదార్థములు తేమ తగిలినపుడు వెలువడతాయని వారు వివరించారు. కన్నౌజ్ పనివారు అంతకు చాలాకాలము ముందే ఆ వాసనను సీసాలలో నింపుతున్నారు. ఆ వ్యాసములో ఈ అత్తరు ప్రస్తావన కూడా ఉన్నది. తడి నేల వాసనకు మరొక కారణము స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్.

కల్తీ

మంచిగంధపు నూనె ధర బాగా పెరగడముతో చౌక రకములలో ద్రవ పారఫిన్ వాడుతున్నారు. అటువంటి అత్తరులో మొదట మట్టి వాసన తగిలినా, చివర మిగలవలసిన గంధము ఉండదు.