గాజు తొట్టెలో పగడాల తోట: దీపాలు, పరికరాల చరిత్ర

ఇంట్లో గాజు తొట్టెలో పగడాలను పెంచడం సాధారణ చేపల తొట్టెను నడపడం కంటే చాలా కష్టమైన పని. దిబ్బలు కట్టే పగడాలు జంతువులే అయినా, వాటి కణాల్లో సూక్ష్మమైన ఆల్గే కాపురముంటుంది. సూర్యకాంతితో ఆ ఆల్గే తయారుచేసుకునే ఆహారంలో అధికభాగం పగడానికే అందుతుంది. అందుకే పగడానికి మొక్కకు కావలసినంత వెలుగు కావాలి. అయితే నీటిలో మొక్కకు ఎరువుగా పనికివచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్ మాత్రం దాదాపు ఉండకూడదు. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. వెలుగు పెంచితే పనికిరాని నాచు కమ్ముకుంటుంది, తగ్గిస్తే పగడం పస్తులుంటుంది. ఈ చిక్కును విప్పే క్రమంలోనే నేడు తొట్టె చుట్టూ కనిపించే పరికరాలు ఒక్కొక్కటిగా పుట్టుకొచ్చాయి.

పగడాలను ఇంట్లో చాలాకాలం బతికించినవారిలో మొదట చెప్పుకోవలసింది ఇంగ్లండుకు చెందిన అన్నా థిన్. ఆమె 1846లో టార్కీ తీరం నుంచి చిన్న పగడాలను లండన్‌కు తెచ్చి గాజు పాత్రల్లో ఉంచారు. నీటిలో గాలి కలిసేలా పనిమనిషి ఆ నీటిని కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పదే పదే వంచేది. మరుసటి ఏడాది నుంచి సముద్రపు నాచును కూడా ఆ పాత్రల్లో పెంచారు. ఆ పగడాలు చల్లని నీళ్లలో ఒంటరిగా బతికే రకానివి. వాటి ఒంట్లో ఆల్గే ఉండదు, తిండి వేస్తే చాలు. అందువల్ల వెలుగు సంగతి అప్పటికి సమస్య కాలేదు.

బ్రిటన్‌లో 1845లో గాజుపై పన్ను ఎత్తివేయడంతో తొట్లు చౌకయ్యాయి. 1853లో లండన్ రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియం తెరుచుకుంది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ పుస్తకంతో సముద్రజీవుల తొట్టె మధ్యతరగతి ఇళ్లలో వేడుకైంది. ఆ తొట్లను వెలుగు కోసం కిటికీల దగ్గర పెట్టేవారు. నాలుగు వైపులా ఎండ సోకడంతో నీళ్లు పచ్చబడేవి, వేసవిలో వేడెక్కేవి, జీవులు చచ్చిపోయేవి. దీనికి విరుగుడుగా విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ తొట్టె కింద చీకటిగా ఉండే పెద్ద నీటి గది కట్టి, ఆ నీటిని పంపులతో ఎడతెగకుండా తిప్పే పద్ధతి అనుసరించారు. 1864లో హాంబర్గ్‌లోనూ, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లోనూ ఆయన నిర్మించిన అక్వేరియాలు ఇలాగే నడిచాయి. నేడు తొట్టె కింద అల్మారాలో దాచే ‘సంప్’కు మూలం ఈ చీకటి గదే. ఆనాటి అనుభవం నేర్పిన పాఠం ఒక్కటే: వెలుగును తగ్గించాలి. చల్లని సముద్రాల జీవులకు అది సరిపోయింది కానీ, ఉష్ణమండల పగడాలకు అది ప్రాణాంతకం.

ఎందుకు ప్రాణాంతకమో శాస్త్రజ్ఞులకు కూడా వెంటనే తేలలేదు. 1928–29లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్లిన బ్రిటిష్ యాత్రకు నాయకత్వం వహించిన సి. ఎం. యంగ్, పగడంలోని ఆల్గే ప్రధానంగా వ్యర్థాలను తొలగిస్తుందే తప్ప ఆహారం ఇవ్వదని భావించారు. 1950ల చివర్లో రేడియోధార్మిక కార్బన్‌తో చేసిన ప్రయోగాల్లో లెనార్డ్ మస్కటీన్, కాడెట్ హ్యాండ్ ఆల్గేలో తయారైన పదార్థం ఆతిథ్యమిచ్చే జీవికి చేరుతుందని సీ అనెమోన్‌లో చూపారు. దాదాపు అదే కాలంలో థామస్ గోరో, చీకటిలో కంటే వెలుగులో పగడం వేగంగా సున్నపు అస్థిపంజరాన్ని కట్టుకుంటుందని జమైకాలో నిరూపించారు. పగడాల తొట్టెకు దీపం అలంకారం కాదు, ఆహార సరఫరా అన్న అవగాహనకు ఇవి పునాది.

ఈలోగా ఉష్ణమండల తీరాల్లో ఉన్నవారికి సూర్యుడే దీపమయ్యాడు. న్యూ కలెడోనియాలోని నూమియాలో రెనె కతలా 1956లో నెలకొల్పిన అక్వేరియంలో సముద్రపు నీరు నేరుగా పారేది, పగటి వెలుగు పడేది. అక్కడే అతినీలలోహిత దీపం కింద కొన్ని పగడాలు ఆకుపచ్చ, ఎరుపు, నారింజ రంగుల్లో మెరవడాన్ని ఆయన గమనించి ప్రపంచానికి చాటారు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ పగడాల దిబ్బ నుంచి తెచ్చిన, జీవులతో నిండిన రాళ్లను తొట్టెలో పేర్చి, గాలి బుడగలతో నీటిని కదిలించి, ఎండ తగలనిచ్చి పగడాలను పెంచారు. 1961లో ఒక అమెరికన్ పత్రికలో ఆయన ఈ ‘సహజ పద్ధతి’ని వివరించారు. ఆ రాళ్ల రంధ్రాల్లోని బ్యాక్టీరియా వ్యర్థాలను శుద్ధి చేస్తుంది. వాటినే నేడు లైవ్ రాక్ అంటారు. ఈ పద్ధతిని ఐరోపా, అమెరికాల్లో అనుకరించినవారికి రాళ్లు దొరికినా జకార్తా ఎండ దొరకలేదు.

ఆ దేశాల్లో అప్పటికి ఉన్న దీపం ట్యూబ్‌లైటు. 1938లో అమెరికాలో మార్కెట్‌కు వచ్చిన ట్యూబ్‌లైటు తక్కువ వేడితో తొట్టెను వెలిగించేది కానీ, దాని కాంతి పగడాలకు చాలేది కాదు. 1960లలో సిలికోన్ జిగురుతో అతికించిన పూర్తి గాజు తొట్లు రావడంతో ఉప్పునీటికి తుప్పుపట్టి విషం దింపే లోహపు చట్రాల బాధ తప్పింది. గులకరాళ్ల కింద పెట్టే ఫిల్టరు మాత్రం అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చి అక్కడితో ఆగిపోయేది. నైట్రేట్ పేరుకున్న నీటిలో చేపలు బతికాయి. పగడాల స్థానంలో తెల్లగా శుభ్రం చేసిన ఎముకగూళ్లు అలంకారంగా మిగిలాయి.

మలుపు జర్మనీలో వచ్చింది. గాలి బుడగలతో నురుగు పుట్టించి, దానికి అంటుకున్న సేంద్రియ మలినాలను కుళ్లకముందే బయటికి తీసే ప్రోటీన్ స్కిమ్మర్లు 1960లలో అక్కడ తయారయ్యాయి. పీటర్ విల్కెన్స్ 1970లలో సున్నపు తేటను తొట్టెలో చేర్చి, పగడాలు అస్థిపంజరం కోసం వాడుకునే కాల్షియాన్ని భర్తీ చేసే విధానాన్ని ప్రచారం చేశారు. వీధిదీపాలకు, కర్మాగారాలకు వాడే మెటల్ హాలైడ్ దీపాలను అభిరుచిపరులు తొట్టె మీదికి తెచ్చారు. ఒకే బిందువు నుంచి వెలువడే ఆ తీక్షణమైన కాంతి నీటి అడుగుదాకా చేరేది, అలల మీద పడి మెరుపు గీతలు గీసేది. లైవ్ రాక్, బలమైన స్కిమ్మర్, మెటల్ హాలైడ్, సున్నపు తేట, ఈ నాలుగింటినీ బెర్లిన్‌లో డీట్రిష్ ష్ట్యూబర్, ఆయన మిత్రులు జతచేశారు. అది బెర్లిన్ పద్ధతిగా స్థిరపడింది. కొమ్మలు చాచే అక్రోపోరా పగడాలు ఇళ్లలో పెరగడం మొదలైంది. పనికిరాని నాచుకు ఎరువు అందకుండా చేశాకే తీక్షణమైన దీపం వరమైంది.

అమెరికాలో 1986లో జార్జ్ స్మిట్ పత్రికా వ్యాసాలు ‘మినీ రీఫ్’ను ఇంటింటి మాటగా చేశాయి. ఆయన వివరించిన పద్ధతిలో ప్లాస్టిక్ బంతుల మీదుగా నీరు జాలువారే ఫిల్టరు ప్రధానం. అది అమ్మోనియాను వేగంగా తొలగించేది కానీ నైట్రేట్‌ను మిగిల్చేది. 1990లలో చాలామంది ఆ బంతులను తీసేసి బెర్లిన్ పద్ధతికి మళ్లారు. 1994లో వెలువడిన డెల్బీక్, స్ప్రంగ్ గ్రంథం ‘ది రీఫ్ అక్వేరియం’ ఈ మార్పుకు ఊతమిచ్చింది. స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఆడీ వేరే దారి పట్టారు. విడిగా ఒక పళ్లెంలో దీపం కింద నాచును పెంచి, దాన్ని గీకి పారేస్తూ నీటిలోని పోషకాలను తొలగించారు. జాన్ జోబెర్ మొనాకోలో మందమైన ఇసుక పొర కింద నీటి ఖాళీని ఉంచి, ఆక్సిజన్ తక్కువగా ఉండే చోట బ్యాక్టీరియా నైట్రేట్‌ను వాయువుగా మార్చే ఏర్పాటు చేశారు.

తరువాతి అన్వేషణ కాంతి రంగు గురించి. సముద్రపు నీరు ఎరుపును ముందుగా పీల్చుకుంటుంది, నీలం లోతుకు వెళ్తుంది. పగడాల ఆల్గే ఆ నీలానికి అలవాటుపడింది. అందుకే 6500 కెల్విన్ తెలుపు నుంచి 10,000, 20,000 కెల్విన్ నీలిఛాయ దీపాల దాకా వచ్చాయి. 420 నానోమీటర్ల దగ్గర వెలిగే ఆక్టినిక్ ట్యూబులు పగడాల సహజ మెరుపును బయటపెట్టాయి. మెటల్ హాలైడ్‌కు లోపాలూ ఉన్నాయి. 250, 400 వాట్ల దీపాలు నీటిని వేడెక్కించేవి, నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పనిసరయ్యేది. దీపం వెలుగుతున్నా కొన్ని నెలలకే దాని కాంతి, రంగు మారిపోయేవి. 16 మిల్లీమీటర్ల సన్నని టీ5 ట్యూబులు, విడివిడి రిఫ్లెక్టర్లతో కొంత ప్రత్యామ్నాయమయ్యాయి.

షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని వెలువరించడం అక్వేరియం దీపాల తలరాతను మార్చింది. ఆ ఆవిష్కరణకు ఆయన, ఇసాము అకసాకి, హిరోషి అమానో 2014లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. 2000 దశకం మధ్యనుంచి అక్వేరియం ఎల్‌ఈడీలు అమ్మకానికి వచ్చాయి. మొదట్లో పగడాలు వాటి కింద పెరుగుతాయా అన్న అనుమానం బలంగా ఉండేది. నీలం, ఊదా, తెలుపులను విడిగా నియంత్రించగలగడం, తక్కువ కరెంటు, తక్కువ వేడి ఆ అనుమానాన్ని తీర్చాయి. కళ్లకు మసకగా కనిపించే నీలికాంతి పగడానికి తీక్షణంగా ఉండవచ్చు. అందుకే అంచనా మానేసి, 400–700 నానోమీటర్ల మధ్య కాంతిని కొలిచే పార్ మీటరు వాడకం పెరిగింది. సాధారణంగా మెత్తని పగడాలకు 50–150, కొమ్మల పగడాలకు 200–350 మైక్రోమోల్స్ (చదరపు మీటరుకు, సెకనుకు) సరిపోతాయని అనుభవం చెబుతుంది. కొత్త దీపం కింద పగడం తెల్లబడకుండా కాంతిని వారాల తరబడి క్రమంగా పెంచుతారు.

ఈ చరిత్ర నుంచే నేటి ఎంపిక క్రమం వచ్చింది. ముందు పెంచదలచిన పగడాల రకం నిర్ణయించాలి, తరువాత తొట్టె లోతు చూడాలి. దీపం బలం ఈ రెంటిని బట్టి ఉంటుంది. దీపానికి తగ్గ స్కిమ్మరు, లైవ్ రాక్ ఉండాలి. నీటిని సన్నని ధారగా కాక విశాలమైన ప్రవాహంగా తిప్పే ప్రొపెల్లర్ పంపులు పగడాల మీద మురికి నిలవనివ్వవు. కాల్షియం భర్తీకి, పగడాలు తక్కువైతే నీటి మార్పిడి చాలు. ఎక్కువైతే కాల్షియం రియాక్టరు గానీ డోసింగ్ పంపు గానీ కావాలి. ఆవిరైన నీటికి బదులు ఉప్పులేని శుద్ధజలం పోస్తూ, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పును, 24–27 డిగ్రీల ఉష్ణోగ్రతను నిలపాలి.

పరికరాలు మెరుగవుతున్న కొద్దీ దిబ్బల నుంచి పగడాలను తీయడంపై ఆంక్షలు కూడా వచ్చాయి. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధం కింద రాతి పగడాలు ఉన్నాయి. భారతదేశం 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, అగ్ని పగడాలను, సీ ఫ్యాన్లను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్, కచ్ సింధుశాఖల దిబ్బల నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. అనుమతులున్న దేశాల్లో ఇప్పుడు తొట్లలోనే పెరిగిన పగడాల ముక్కలు కత్తిరించి పంచుకోవడం పరిపాటి. సరైన దీపం కింద, శుభ్రమైన నీటిలో ఆ ముక్కలు మళ్లీ పూర్తి పగడాలుగా ఎదుగుతాయి కాబట్టే అది సాధ్యమైంది.