ఆంధ్ర విశ్వవిద్యాలయం: మన్యం నుంచి చూస్తే

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోని హుకుంపేట మండలంలో డిగ్రీ చదివిన వారికి పీజీ అంటే చాలావరకు ఏయూ, అంటే విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. అటూ ఇటూ ఉన్న పాడేరు, అరకులోయ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు దానికి అనుబంధమైనవే. అందుకే క్యాంపస్‌లో అడుగుపెట్టక ముందే మార్కుల జాబితా మీద ఆ పేరు పరిచయమవుతుంది.

1926లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో ఈ విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది, తర్వాత వాల్తేరుకు మారింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. 1931 నుంచి 1936 వరకు ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుంచి పండితులను రప్పించారు. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, భౌతికశాస్త్రంలో సూరి భగవంతం వంటి వారు పనిచేసిన రోజులవి. ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గణితంలో ఎమ్మే చేసింది ఇక్కడే. ఏయూ ఇప్పటికీ చెప్పుకునే గొప్పలో పెద్ద వాటా ఆ తరానిదే.

విశ్వవిద్యాలయానికి డబ్బు కొండల వైపు నుంచి కూడా వచ్చింది. నేటి ఒడిశాలోని జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చారు. సైన్స్, టెక్నాలజీ కళాశాల ఆయన పేరుతోనే వెలిసింది. విశ్వవిద్యాలయ చరిత్ర రాసేవారు దాతను స్మరిస్తారు గానీ, ఆ సంస్థానానికి శిస్తు కట్టిన గిరిజన రైతుల మాట ఎత్తరు.

మన్యం ఏయూ పండితులకు పరిశోధనా విషయం కూడా అయింది. అక్కడే చదివి, అక్కడే పాఠం చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండదొరల భాషను నేర్చి, పరిశీలించి, 1969లో దాని వ్యాకరణాన్ని ఆంగ్లంలో వెలువరించారు. ద్రావిడ భాషాశాస్త్రంలో అది ప్రామాణిక గ్రంథం.

ఇప్పుడు ర్యాంకుల సంగతి. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విభాగం 2024లో మొదలైంది. అందులో ఏయూ ఆ ఏడాది 7వ స్థానంలో, 2025లో 4వ స్థానంలో నిలిచింది. విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ ఇచ్చిన గ్రేడు ఏ ప్లస్ ప్లస్. అయితే ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్కలో పరిశోధనకు 30 శాతం బరువు ఉంటే, పేద విద్యార్థులు, మహిళలు, దివ్యాంగులు, ఇతర ప్రాంతాల వారు ఎందరికి చోటు దొరికిందన్న దానికి ఉన్నది 10 శాతమే. హుకుంపేట కుటుంబం చూసే లెక్క ఇందుకు దాదాపు తలకిందులు: ఫీజు ఎంత, హాస్టల్ దొరుకుతుందా, ఎస్టీ కోటాలో సీటు వస్తుందా.

ఫీజు విషయంలో 2020 నాటి రాష్ట్ర ప్రభుత్వ 77వ నంబరు జీవో ముఖ్యమైనది. ప్రైవేటు కళాశాలల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపి, విశ్వవిద్యాలయ క్యాంపస్‌లకే పరిమితం చేసింది. దాంతో పేదింటి పిల్లలకు క్యాంపస్ సీటు విలువ ఒక్కసారిగా పెరిగింది. మరుసటి ఏడాది నుంచి వర్సిటీకో పరీక్ష పోయి, పీజీ సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఏపీపీజీసెట్ వచ్చింది. ఒకే దరఖాస్తు, ఒకే పరీక్ష: ఘాట్ రోడ్డు దిగి తిరగాల్సిన వారికి ఇది చిన్న మేలేమీ కాదు.

లోటు బోధకుల దగ్గర ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టుల భర్తీకి 2023లో ప్రకటనలు వెలువడ్డాయంటే ఖాళీలు ఏ స్థాయికి చేరాయో ఊహించవచ్చు. ఇంతలో పోటీ కూడా వచ్చింది. 2019 చట్టంతో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం శివారు కొండకరకంలో, ఒకనాటి ఏయూ పీజీ కేంద్రం భవనాల్లోనే తరగతులు మొదలుపెట్టింది. దాని శాశ్వత ప్రాంగణానికి మెంటాడ మండలం చినమేడపల్లి వద్ద 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది.