కన్హేరి: వాన నీటితో బతికిన గుహల నగరం

ముంబయి లోకల్ రైలు దిగి బోరివలి తూర్పు వైపు కొద్ది దూరం నడిస్తే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం ద్వారం వస్తుంది. అక్కడి నుంచి సుమారు ఆరు కిలోమీటర్ల అడవి దారి దాటితే కన్హేరి కొండ. నల్లటి బసాల్ట్ రాతిలో తొలిచిన వందకు పైగా గుహలు ఈ కొండ మీద ఉన్నాయి. వచ్చిన వారిలో చాలామంది మెట్ల దగ్గరే ఉన్న మూడో గుహ చూసి, పెద్ద బుద్ధ విగ్రహాల పక్కన ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. కానీ కన్హేరి అసలు స్వరూపం తెలిసేది ఆ తర్వాత పైకి ఎక్కినప్పుడే. ఇది ఒక ఆలయం కాదు, దాదాపు వెయ్యేళ్లు మనుషులు నివసించిన ఊరు.

సాధారణ శకం ఆరంభం నాటికి ఇక్కడ బౌద్ధ భిక్షువుల నివాసం మొదలైంది. పదో శతాబ్ది దాటే వరకూ ఏదో ఒక స్థాయిలో కొనసాగింది. ఇక్కడి ప్రాకృత శాసనాల్లో ఈ కొండ పేరు కణ్హసేల, అంటే నల్లకొండ. సంస్కృతంలో కృష్ణగిరి. ఆ మాటే వాడుకలో కన్హేరి అయింది.

మూడో గుహ

మూడో గుహ ఇక్కడి ప్రధాన చైత్యం. లోపల 34 స్తంభాలు, చివర స్తూపం ఉన్నాయి. కొన్ని స్తంభాలకే చెక్కడపు పని పూర్తయింది, మిగిలినవి సాదాగా ఉండిపోయాయి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంలో, రెండో శతాబ్ది చివర్లో దీన్ని తొలిపించారు. ఖర్చు భరించింది గజసేన, గజమిత్ర అనే వర్తక సోదరులు. తెలుగు నేలకు యజ్ఞశ్రీ కొత్తవాడు కాదు. ఆయన పాలన 27వ ఏట వేయించిన శాసనం చినగంజాంలో దొరికింది. చైత్యం ముందు వసారాకు రెండు వైపులా నిలబడిన భారీ బుద్ధ విగ్రహాలు మాత్రం ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకు చెక్కినవి.

నీళ్లు ఎక్కడివి?

పైకి వెళ్లే దారిలో మెట్లను కూడా కొండ రాతిలోనే చెక్కారు. ఒక్కో గుహ ఒక్కో ఇల్లులా ఉంటుంది. ముందు చిన్న వాకిలి, తర్వాత వసారా, లోపల గది, గోడ వెంట కూర్చోవడానికో పడుకోవడానికో రాతి అరుగు. గుహ తర్వాత గుహ చూస్తూ పోతే ఒక విషయం తప్పకుండా కంటపడుతుంది. చాలా వాకిళ్లలో ఒక పక్కగా, నేల మట్టంలో చతురస్రపు నోరు ఉంటుంది. వంగి చూస్తే లోపల రాతి తొట్టి, చాలాచోట్ల అందులో ఇప్పటికీ నీళ్లు.

ఈ ప్రాంతంలో ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అయితే దాదాపు అంతా జూన్, సెప్టెంబరు మధ్యే. మిగిలిన ఎనిమిది నెలలు కొండ ఎండిపోతుంది. వాన నీరు రాతి మీద నిలవదు, నిమిషాల్లో జారి లోయలోని వాగులో కలుస్తుంది. కాబట్టి ఇక్కడ ఏడాది పొడవునా ఉండాలంటే ఒకటే మార్గం: జారిపోయే నీటిని దారిలోనే పట్టుకోవడం. కొండ వాలు మీద చెక్కిన సన్నటి కాలువలు, వాటి చివర తొట్లు ఆ పనే చేశాయి. చిన్న నోరు, లోపల విశాలమైన గది, పైన రాతి కప్పు ఉండటంతో నీరు తొందరగా ఆవిరి కాదు.

ఈ ఏర్పాటు తెలుగువారికి పేరులోనే పరిచయం. విశాఖపట్నం దగ్గరి బౌద్ధ క్షేత్రాలు తొట్లకొండ, బావికొండలకు ఆ పేర్లు వచ్చింది కొండరాతిలో తొలిచిన ఇలాంటి నీటి తొట్ల వల్లే.

తొట్టి ఇచ్చిన రాణి

కన్హేరి శాసనాల్లో తొట్టిని ‘పానీయ పోఢి’ అన్నారు. గుహను దానం చేసినట్టే నీటి తొట్టిని దానం చేయడమూ పుణ్యకార్యం. దాతల్లో కల్యాణ్‌కు చెందిన స్వర్ణకారుడున్నాడు, వర్తకులున్నారు, భిక్షుణులున్నారు. కల్యాణ్, సోపారా, చౌల్ వంటి రేవు పట్టణాల పేర్లు పదేపదే కనిపిస్తాయి. కొందరు భిక్షువుల వస్త్రాల ఖర్చు కోసం శాశ్వత నిధులు ఏర్పాటు చేశారు.

అయిదో గుహ దగ్గరి తొట్టి మీది శాసనం రాజకీయ చరిత్రకు కీలకమైంది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి భార్య కార్దమక వంశీయురాలని, మహాక్షత్రపుడి కుమార్తె అని అది చెబుతుంది. మంత్రి సతేరకుడి పేరూ అందులో ఉంది. రాణి పేరు చెరిగిపోయింది, తండ్రి పేరులో మొదటి అక్షరం ‘రు’ మాత్రం మిగిలింది. ఆయన రుద్రదాముడేనని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించినా, దగ్గరి బంధుత్వం వల్ల నాశనం చేయకుండా వదిలేశానని రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో చెప్పుకున్నాడు. ఆ బంధుత్వం ఎలాంటిదో ఊహించడానికి ఆధారం కన్హేరిలోని ఈ నీటి తొట్టి మీద దొరికింది.

ఊరి మిగతా వీధులు

పదకొండో గుహ ఊరి సమావేశ మందిరం లాంటిది. నేల మీద రెండు పొడవాటి రాతి బల్లలు సమాంతరంగా సాగుతాయి. భిక్షువులు బారులు తీరి కూర్చుని పఠించడానికో, భోజనానికో వీటిని వాడి ఉంటారు. తొమ్మిదో శతాబ్దిలో, రాష్ట్రకూటుల కాలంలో, గౌడ దేశం నుంచి, అంటే నేటి బెంగాల్ ప్రాంతం నుంచి వచ్చిన అవిఘ్నాకరుడు ఇక్కడ వంద ద్రమ్మలు దానమిచ్చినట్టు శాసనముంది. 34వ గుహ పైకప్పు మీద అసంపూర్తిగా మిగిలిన బుద్ధుడి వర్ణచిత్రం కనిపిస్తుంది. 41వ గుహలో పదకొండు తలల అవలోకితేశ్వరుడున్నాడు.

90వ గుహలో గోడ మీద పహ్లవీ లిపిలో పేర్లున్నాయి. 1009లోనూ, 1021లోనూ ఇక్కడికి వచ్చిన జొరాస్ట్రియన్ యాత్రికులు తేదీతో సహా చెక్కించినవి ఇవి. కన్హేరిని చూసి వెళ్లిన పర్యాటకుల్లో పేర్లు మిగిలిన తొలి బృందాల్లో వీరిని లెక్కించవచ్చు.

కొండ అంచున ఒక చరియ కింద ఇటుక స్తూపాల అవశేషాలు వరుసగా ఉన్నాయి. అది ఈ ఊరి శ్మశానం. ఇక్కడే జీవించి మరణించిన స్థవిరుల స్మృతి చిహ్నాలు ఇక్కడే నిలిచాయి.

వెళ్లే వారికి

ఉద్యానవనానికీ, గుహలకూ టికెట్లు వేరు. సోమవారం సెలవు. వర్షాకాలంలో జలపాతాలు అందంగా ఉంటాయి కానీ నాచు పట్టిన బసాల్ట్ ప్రమాదకరం, వాగు ఒక్కసారిగా పొంగుతుంది. అక్టోబరు తర్వాత తొట్లు నిండుగా, దారి పొడిగా ఉంటుంది. కొండంతా తిరగడానికి కనీసం నాలుగు గంటలు కావాలి. తాగునీరు వెంట తీసుకెళ్లాలి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోవాలి. తొట్టి నోరు చిన్నది కావడంతో అందులో పడిన చెత్తను తీయడం కష్టం.

ముంబయికి తొలిసారి గొట్టాల ద్వారా నీరిచ్చిన విహార్ జలాశయం 1860లో, తులసి జలాశయం 1879లో సిద్ధమయ్యాయి. రెండూ ఈ అడవిలోనే ఉన్నాయి. నగరం పెరిగాక వాటి వాటా బాగా తగ్గింది, ఇప్పుడు నీరు వంద కిలోమీటర్ల అవతలి నుంచి కూడా రావాలి. ఈ కొండ మీది ఊరు మాత్రం తన మీద పడిన వానతోనే వెయ్యేళ్లు గడిపింది.